బెల్టు తీసే చోటు

మే నెల. మా ద్వీపంలో బంగాళాదుంపలు నాటేసిన చేల మధ్య రోడ్డు పొడిగా ఉంది, కారు వెనక దుమ్ము లేస్తోంది. త్రీను వెనక సీట్లో కూతురి పక్కన కూర్చుని కునికిపాట్లు పడుతోంది. ఆమె టాలిన్ నుంచి హెల్సింకి తిరిగే ఓడలో వంటమనిషి. రెండు వారాలు ఓడ మీద, రెండు వారాలు ఇంట్లో. ఆ పొద్దున్నే దిగింది. ఇంట్లో ఉన్న రోజుల్లో బండి తనే నడుపుతుంది గానీ, ఇవాళ నిద్ర ఆగక తల్లి హెల్వెకి వదిలేసింది.

పాలబండి కోసం ఒకప్పుడు డబ్బాలు దించిపెట్టే పాత పాలడబ్బాల అరుగు దగ్గర మలుపు తిరగగానే హెల్వె వేగం తగ్గించింది. టక్ మని చప్పుడైంది. ఆవిడ తన బెల్టు తీసేసింది. ఆ వెంటనే వెనక ఇంకో టక్. ఎనిమిదేళ్ల లోవిసె తన బెల్టు తనే తీసేసుకుని, కిటికీ అద్దం సగం దించి, తలుపు పిడి మీద చెయ్యి వేసి బుద్ధిగా కూర్చుంది. ఇద్దరూ ఒక్క మాట అనుకోలేదు. రోజూ చేసే పనికి మాటలెందుకు?

త్రీను నిద్ర ఎగిరిపోయింది.

"ఏం చేస్తున్నారు మీరిద్దరూ?"

"ఏం చేస్తున్నాం?" అంది హెల్వె, ముందున్న అద్దంలోకి చూడకుండా.

"బెల్టులెందుకు తీశారు?"

"అలవాటే. ఊరికే."

"అలవాటేంటమ్మా? ఇప్పుడేమన్నా మంచు మీద వెళ్తున్నామా? మే నెల! అటు చూడు, ఆవులు మేస్తున్నాయి!"

"ఒకవేళ మునిగితే?"

"ఎక్కడ మునుగుతాం? బంగాళాదుంపల చేలోనా?"

స్టీరింగు మీద హెల్వె వేళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. త్రీను కూతురి వైపు తిరిగింది. "ఎన్నాళ్ల నుంచే ఇది?"

"ఎప్పుడూ ఇంతే," అంది లోవిసె. "బడికెళ్లేటప్పుడు కూడా."

ఆ పూట త్రీను అరవలేదు. అరిస్తే బాగుండేదని హెల్వెకి తర్వాత చాలాసార్లు అనిపించింది. ఇల్లు చేరాక, పిల్ల పెరట్లోకి వెళ్లాక, కాఫీ గిన్నె పొయ్యి మీద పెడుతూ మెల్లగా చెప్పింది: "నువ్వు డాక్టరుకి చూపించుకో అమ్మా. లేకపోతే సెప్టెంబరులో దాన్ని టాలిన్ తీసుకెళ్లిపోతా. అక్కడే బళ్లో వేస్తా. ఓడ మానేసి ఏదో ఒక పని చూసుకుంటా. నా కూతుర్ని బెల్టు లేకుండా కార్లో తిప్పుతుంటే నేను ఓడలో కూరలు తరుక్కుంటూ కూర్చోలేను."

హెల్వెకి కాళ్ల కింద నేల దిగిపోయినట్టయింది. పురుట్లోంచి ఆ పిల్లని ఎత్తుకుని తిరిగింది ఆవిడే. పొద్దున్నే జడవేసి, కార్లో కూర్చోబెట్టుకుని, తను వంట చేసే బడికే తీసుకెళ్లి, సాయంత్రం వెంటబెట్టుకుని రావడం తప్ప ఆవిడ రోజులో మరో ముచ్చట లేదు. పిల్ల వెళ్లిపోతే ఆ ఇంట్లో ఇంకేం మిగులుతుంది? గోడలూ, కాఫీ గిన్నే.

గడ్డకట్టిన సముద్రం మీద కార్లు నడిపే మాలాంటి వాళ్లకి, గట్టు దిగి మంచు మీద చక్రం పెట్టే ముందు బెల్టు తీసేయడమంటే గడప దగ్గర బూట్లు విప్పడం లాంటిది. చెయ్యి దానంతట అదే వెళ్లి తీసేస్తుంది. మంచు విరిగితే బయటపడటానికి దొరికేది రెండు మూడు ఊపిరులంత సేపు. అందులో బెల్టుతో కుస్తీ పట్టే తీరిక ఉండదు. నేల మీద ప్రాణం నిలిపేది బెల్టు, మంచు మీద ప్రాణం తీసేదీ ఆ బెల్టే. ఈ రెంటినీ విడిగా ఉంచేది ఆ గట్టు ఒక్కటే. హెల్వె బుర్రలో ఫిబ్రవరి నుంచి ఆ గట్టు చెరిగిపోయింది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం, అఖాతం అవతల ఉండే హెల్వె అన్న పుట్టినరోజుకి బయల్దేరారు అమ్మమ్మా మనవరాలూ. బయల్దేరడమే ఆలస్యమైంది. లోవిసె పాల సూపు ముందు కూర్చుని, పైన కట్టిన మీగడని చెంచాతో ఒక పక్కకి, మళ్లీ ఇంకో పక్కకి తోస్తూ చాలా సేపు గడిపింది. బడిలో పిల్లలందరి చేతా ఆ సూపు తాగించే హెల్వెకి సొంత మనవరాలి దగ్గర మాత్రం పప్పులుడకవు. చివరికి విసుక్కుంటూ కోటు తొడిగి బయటికి లాక్కొచ్చింది.

అఖాతం చుట్టూ శుభ్రమైన రోడ్డుంది. కాస్త దూరమెక్కువ, అంతే. అధికారులు మందం కొలిచి, కొమ్మలు పాతి గుర్తులు పెట్టి తెరిచే మంచుదారి ద్వీపం ఆ చివర ఎక్కడో, పెద్ద నీళ్ల మీద ఉంటుంది. కానీ మా వాళ్లకొక జబ్బుంది. పెద్ద నీళ్ల మీద అధికారుల మాట వింటారు గానీ, తమ గట్టు ముందున్న మంచు మాత్రం తమ పెరడే అనుకుంటారు. 'మా నాన్న గుర్రబ్బండి తోలిన మంచు, నాకొకడు చెప్పాలా?' అనుకుని హెల్వె గట్టు దిగింది. వాగు వచ్చి కలిసే చోట కింద నీళ్లు కదులుతూ మంచుని లోపల్నుంచి తొలిచేస్తాయని ఆవిడకి తెలియదా? బ్రహ్మాండంగా తెలుసు. ఆలస్యమైంది కదా అని ఆ రోజు కళ్లు మూసుకుంది.

గుడ్డ చింపినట్టు పెద్ద చప్పుడైంది. బండి ముక్కు కిందికి వాలిపోయింది. నల్లటి నీళ్లు కాళ్ల దగ్గర్నుంచి ఒక్క ఊపున గొంతు దాకా వచ్చేశాయి. తర్వాత చీకటి.

గట్టు దగ్గర మంచుకి బెజ్జం వేసి చేపలు పడుతున్న విల్లు అనే పక్కింటాయన నిచ్చెన ఈడ్చుకొచ్చి, దాని మీద బోర్లా పడుకుని పాకి, ఇద్దర్నీ బయటికి లాగాడు. ఆయన ఇంటి సౌనాలోనే, ఆ ఆవిరి గది వేడికి ఒళ్లు వెచ్చబెట్టారు. చిన్న దెబ్బ కూడా తగల్లేదు. ఊరంతా "బతికారుగా, ఇంకేం కావాలి?" అంది. ఆ మాటతో సంగతి ముగిసిపోయింది. మా ద్వీపంలో ఏదైనా అంతే, ఒక వాక్యంలో ముగిసిపోవాలి. వారం తిరక్కుండానే దుకాణంలో విల్లు అందరి ముందూ అన్నాడు: "హెల్వె, చేపలు పట్టడానికి గాలం చాలు. కారు అక్కర్లేదు." అందరూ నవ్వారు. హెల్వె కూడా నవ్వింది. నవ్వి, రొట్టె కొనడం మర్చిపోయి ఇంటికొచ్చేసింది.

అప్పట్నుంచి ఒళ్లు ఆవిడ మాట వినడం మానేసింది. బట్టలు నీళ్లలో జాడిస్తుంటే గుండె దడదడలాడుతుంది. బడి వంటింట్లో పెద్ద గిన్నె మీద మీగడ కట్టి, గరిటె తగిలి విరిగితే చాలు, నోట్లో తడి ఆరిపోతుంది. నిద్రలో ఎడమ చెయ్యి కదలదు. ఏదో దాన్ని పట్టుకుని కిందికి గుంజుతున్నట్టుంటుంది. ఇక మునిగిన దాని బదులు కొన్న కార్లో బెల్టు పెట్టుకున్నప్పుడు వచ్చే ఆ టక్ మనే చప్పుడు వింటే పై ప్రాణాలు పైనే పోయేవి. పాలడబ్బాల అరుగు దాకా ఎలాగో ఓర్చుకునేది, అక్కడ బెల్టు తీసేస్తే ఊపిరాడేది. అందుకే తీసేసేది. పిల్ల బెల్టు కూడా తనే తీసేసేది. పిల్ల నాలుగు రోజుల్లో నేర్చేసుకుంది, చెప్పకుండానే తీసేసుకుని పిడి మీద చెయ్యి వేసేది. 'బంగారు తల్లి, ఎంత తెలివైందో' అనుకుని హెల్వె మురిసిపోయింది కూడా.

ఒక మాట మాత్రం ఆవిడ ఎవరికీ చెప్పలేదు. కూతురికి అసలే చెప్పలేదు. ఆ రోజు గట్టు దిగేటప్పుడు పిల్ల బెల్టు తీయడం తను మర్చిపోయింది. నీళ్ల అడుగున ఆ బెల్టే తన చేతికి చుట్టుకుని ఇద్దర్నీ పట్టి ఉంచింది. ఇది తెలిస్తే త్రీను సెప్టెంబరు దాకా కూడా ఆగదు.

థెరపిస్టు పేరు ఎనేలి. నీళ్లకి అవతల హాప్సలు పట్నంలో ఒక చెక్క మేడ పై అంతస్తులో ఆమె గది. అక్కడికి చేరడానికి ముందు ఫెర్రీ ఎక్కాలి. హెల్వె కారు ఇంటి దగ్గరే వదిలేసి కాలినడకన ఎక్కింది. లోపల వెచ్చగా కాఫీ తాగుతున్న జనాన్ని వదిలేసి, దారంతా గాలిలో కడ్డీ పట్టుకుని నిలబడింది. అడుగున నీళ్లు ఇనుప గోడకి కొట్టుకుంటున్న ప్రతిసారీ కడ్డీని ఇంకా గట్టిగా పట్టుకుంది.

ఎనేలికి ముప్పై ఏళ్లు దాటి ఉండవు. మేజోళ్ల మడమ దగ్గర చిరుగు కుట్టి ఉంది. 'దీనికేం తెలుస్తుంది, పాలు తాగే పిల్ల' అనుకుంది హెల్వె.

"నాకు పిచ్చేం లేదు," అని మొదలుపెట్టింది కూర్చోక ముందే. "మా అమ్మాయి ఫోనులో మీకు అన్నీ చెప్పి పంపితే వచ్చాను."

"అలాగే. కూర్చోండి. మీరేం పని చేస్తారు?"

"బళ్లో వంట."

"వంటింట్లో పొగ వస్తే మోగే గంట ఉంటుందా?"

"ఉంది, దరిద్రపుది. నిప్పంటుకున్నా మోగుతుంది, పెనం మీద అట్టు కాస్త మాడినా మోగుతుంది. కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసిరితే గానీ నోరు ముయ్యదు."

"మీ ఒంట్లోదీ అలాంటి గంటే," అంది ఎనేలి. "ఆ రోజు నిజంగా నిప్పంటుకుంది, మోగింది. మీ ప్రాణం, పాప ప్రాణం దాని వల్లే దక్కాయి. మంట ఆరిపోయింది గానీ అది ఇంకా ఆగలేదు. అట్టు వాసనకి కూడా మోగుతోంది. గంట ఊడబెరికి పారేయలేం, మళ్లీ నిప్పంటుకుంటే అది కావాలి. ఏది మంటో, ఏది అట్టో దానికి మళ్లీ నేర్పాలి. అందుకు టైం పడుతుంది."

హెల్వెకి కోపం కాస్త దిగింది. అట్టు సంగతి తెలిసిన మనిషే.

మొదటి రోజుల్లో ఆవిడ చేసింది ఊపిరి తీయడమే. లోపలికి మామూలుగా, బయటికి మాత్రం వేడి సూపు చల్లార్చినట్టు నెమ్మదిగా, పొడుగ్గా. రెండు పాదాలూ నేలకి గట్టిగా ఆనించాలి. గదిలో కనిపిస్తున్నవి పేరు పెట్టి చెప్పాలి: కిటికీ, చెప్పుల స్టాండు, ఎండిన పూలు, ఎనేలి మేజోళ్ల చిరుగు. "ఇప్పుడు మీరెక్కడున్నారు?" "హాప్సలులో." "కింద ఏముంది?" "చెక్క." "చెక్క కింద?" "నేల." ఇదంతా చిన్నపిల్లల ఆటలా ఉందని హెల్వె సణిగింది. కానీ తిరుగు ప్రయాణంలో ఫెర్రీ ఇనుప గోడకి అల కొట్టుకున్నప్పుడు, సూపు చల్లారుస్తున్నట్టు ఊదుతూ నిలబడ్డాక, కడ్డీ మీద పట్టు కాస్త వదులయింది. ఎవరైనా చూస్తున్నారేమోనని సిగ్గేసింది.

అసలు పని ఆ తర్వాత మొదలైంది.

"కళ్లు మూసుకుని ఆ రోజు జరిగింది చెప్పండి," అంది ఎనేలి. "ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పాలి. 'వెళ్లాం' అని కాదు, 'వెళ్తున్నాం' అని."

"అది జరిగిపోయింది కదా. మళ్లీ ఎందుకు?"

"మీ ఒంట్లో అది ఇంకా జరిగిపోలేదు కాబట్టి."

హెల్వె మొదలుపెట్టింది. మంచు మీద కారు. నీళ్లు. చీకటి. నాలుగు ముక్కల్లో ముగించేసి కళ్లు తెరిచింది. ఒళ్లంతా చెమట. ఎనేలి చెత్తబుట్ట అందించింది, పొద్దున తిన్న రొట్టె ముక్క అందులో పడింది.

"బాగా చెప్పారు," అంది ఎనేలి, బుట్ట పక్కన పెడుతూ. "మళ్లీ చెప్పండి. మొదట్నించి. నేను వింటాను."

"నన్ను చంపుదామనా?"

"భయం పెరుగుతుంది. మీరు పారిపోకుండా అందులో ఉంటే, పెరిగీ పెరిగీ దానంతట అదే దిగుతుంది. దాన్ని దిగనివ్వకుండా మీరు ప్రతిసారీ బెల్టు తీసేసి తప్పించుకుంటున్నారు. ఒక్కసారి అది దిగడం మీ కళ్లతో మీరు చూడాలి. చేయి కావాలంటే పట్టుకోండి."

హెల్వె చేయి పట్టుకోలేదు. మా వాళ్లు పట్టుకోరు. కానీ కుర్చీ మాత్రం దగ్గరికి జరిపింది.

ఆ చెప్పిందంతా ఫోనులో రికార్డు చేసి ఇచ్చింది ఎనేలి, ఇంటి దగ్గర వినమని. పిల్ల పెరట్లో ఆడుకుంటుంటే హెల్వె కట్టెల కొట్లో కూర్చుని తన గొంతు తనే వినేది. మొదట్లో కట్టెల మీద పడి ఏడ్చేది. కొన్నాళ్లకి ఏడుస్తూనే కట్టెలు సర్దడం మొదలుపెట్టింది.

ఇంకో పని కూడా అప్పగించింది. పెరట్లో ఆగి ఉన్న కార్లో కూర్చుని బెల్టు పెట్టుకోవాలి. తాళం తిప్పకూడదు, ఎక్కడికీ వెళ్లకూడదు. పెట్టుకుని, భయం దిగే దాకా తీయకూడదు. మొదటి రోజు టక్ మనగానే హెల్వె కేక పెట్టి తలుపు తన్నుకుని బయట పడింది. మర్నాడు మళ్లీ కూర్చుంది. పంటి బిగువున కళ్లు మూసుకుని ఊదుతూ ఉంటే, కంచె అవతల్నుంచి విల్లు గొంతు వినిపించింది.

"హెల్వె, బండి కదలాలంటే తాళం తిప్పాలి."

"నీ పని నువ్వు చూసుకో, విల్లు."

"చూసుకుంటున్నా. నా పని నీ పని కంటే కులాసాగా ఉంది."

ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వుతుంటే గుర్తొచ్చింది, బెల్టు ఇంకా పెట్టుకునే ఉంది. భయం ఉంది గానీ గొంతు దాకా లేదు. మోకాళ్ల దగ్గరే ఆగింది.

జూలైలో, ఎన్నోసారో తెలియదు, కళ్లు మూసుకుని చెబుతున్న హెల్వె నీళ్ల అడుక్కి చేరింది. "ఎడమ చెయ్యి రావడం లేదు. బెల్టు చుట్టుకుంది." ఎప్పుడూ అక్కడ గబగబా దాటేసేది. ఈసారి ఎనేలి అక్కడే ఆపింది.

"అక్కడే ఉండండి. చేతికి ఏం తగులుతోంది?"

"బెల్టు."

"ఎలా ఉంది? బల్లపరుపుగా ఉందా, నున్నగా ఉందా?"

హెల్వె కళ్లు మూసుకునే ఎడమ చేతిని తడిమి చూసుకుంది. "లేదు," అంది చివరికి. "గుచ్చుకుంటోంది. సన్నగా. నాలుగు చోట్ల." అని ఆగిపోయి, ఒక్కసారి పెద్దగా అరిచింది: "గోళ్లు! గోళ్లవి! పిల్ల నా చెయ్యి పట్టుకుంది!"

తర్వాత ఎక్కిళ్లు పెట్టి ఏడ్చింది. పిల్ల బెల్టు మర్చిపోయానని ఇన్నాళ్లూ దాచుకున్న మాట కూడా అప్పుడే బయటికి కక్కేసింది. ఎనేలి తొందరపడలేదు. "జ్ఞాపకం ఒక్కోసారి మోసం చేస్తుంది. అప్పుడూ చేసి ఉండొచ్చు, ఇప్పుడూ చేస్తూ ఉండొచ్చు. ఆ రోజు అక్కడ ఇంకెవరైనా ఉన్నారా?"

ఉన్నాడు. కంచె అవతలే ఉన్నాడు, అడగడానికే నోరు రాలేదు. ఆ సాయంత్రం హెల్వె వెళ్లేసరికి విల్లు తలుపు దగ్గర కూర్చుని ఎవరిదో వల బాగు చేస్తున్నాడు. ఆవిడ నిలబడే అడిగేసింది. "విల్లు, ఆ రోజు పిల్లకి బెల్టు ఉందా?"

విల్లు చేతిలో సూది ఆగింది. ఎప్పుడూ ఏదో ఒక వెటకారం సిద్ధంగా ఉండే మనిషి ఈసారి సూటిగా చెప్పాడు. "బెల్టెక్కడిది? ఉంటే మీరిద్దరూ బయటికొచ్చేవాళ్లా? నువ్వు కిటికీలోంచి వచ్చావు, నీ చేతికి పిల్ల వేలాడుతూ వచ్చింది. సౌనాలో కూడా వదల్లేదు. ఒక్కో వేలూ విడదీయడానికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది." వల పక్కన పెట్టి మళ్లీ అన్నాడు: "నేను ఆ అఖాతం వైపు చూడటం మానేశాను, హెల్వె. చేపలు దుకాణంలో కొనుక్కుంటున్నా."

అంటే గట్టు దగ్గర చెయ్యి దానంతట అదే బెల్టు తీసేసింది. ఎప్పటిలాగే తీసేసింది, అందుకే గుర్తులేదు. హెల్వె గుండెల మీద నుంచి బండరాయి దిగినట్టయింది. పూర్తిగా దిగిందని చెప్పను. రోడ్డుండగా వాగు నోటి మీదికి బండి తోలింది ఎవరు? ఆ తప్పు అలాగే ఉంది, ఉండాల్సిన చోటే ఉంది. లేని తప్పు మాత్రం పోయింది.

ఆగస్టు చివర్లో త్రీను వెనక సీట్లో కూర్చుంది. పాలడబ్బాల అరుగు దాటారు. టక్ మని చప్పుడు రాలేదు. హెల్వె ఊదుతూనే ఉంది, చెమట మెడ మీద కారుతూనే ఉంది. కానీ బెల్టు మాత్రం ఛాతీ మీదే ఉంది. లోవిసె కూడా పెట్టుకునే కూర్చుంది, అద్దం ఎక్కించుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని. ఇంటి దగ్గర దిగాక త్రీను తల్లి భుజం మీద ఒకసారి తట్టింది. సెప్టెంబరు ఒకటిన, బడి తెరిచే రోజున, లోవిసె టీచరుకిచ్చే పూలు పట్టుకుని మా బడికే వెళ్లింది.

మళ్లీ ఫిబ్రవరి వచ్చింది. త్రీను ఓడ దిగి ఇంటికి రావాల్సిన రోజున గాలి నీళ్లన్నిటినీ సముద్రంలోకి తోసేసింది. రేవులో లోతు చాలక ఫెర్రీ ఆగిపోయింది. అంతకు ముందే అధికారులు పెద్ద నీళ్ల మీద అవతలి గట్టు దాకా మంచుదారి తెరిచారు. "ఎవరి కార్లోనైనా వచ్చేస్తాలే," అంది త్రీను ఫోనులో. హెల్వె ఏమనుకుందో, "మేమే వచ్చి తీసుకెళ్తాం," అనేసింది. అన్నాక వద్దనేద్దామా అనుకుంది. కానీ ఇది గుర్తులు పెట్టిన దారి, కొలిచిన మంచు. ఏది మంటో ఏది అట్టో తెలుసుకునే రోజు ఎప్పుడో ఒకప్పుడు రావాలి కదా.

గట్టు దగ్గర నాలుగు కార్లు వరసలో ఉన్నాయి. పసుపు చొక్కా కాపలాదారు ఒక్కో కిటికీలోకి వంగి చెబుతున్నాడు: "బెల్టులు తీసెయ్యండి. ముందు బండికి దూరంగా ఉండండి. మధ్యలో ఆగొద్దు." హెల్వె వంతు వచ్చింది. పొడుగ్గా ఊదింది. కింద ఏముంది? నేల. ఇక్కడ దాకా నేలే. ఇక్కడ తీయాలి, ఇక్కడే తీయాలి. టక్. తీసేసింది. ఆవిడకి పట్టరాని సంతోషం కలిగింది. చెరిగిపోయిన గట్టు మళ్లీ కనబడింది!

"నువ్వూ తియ్యమ్మా," అంది వెనక్కి తిరక్కుండా.

చప్పుడు రాలేదు.

"లోవిసె, బెల్టు."

"తియ్యను."

హెల్వె వెనక్కి తిరిగింది. పిల్ల రెండు చేతులతో బెల్టుని గుండెకి అదుముకుని పట్టుకుంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. పెదాలు నీలంగా ఉన్నాయి, ఆ రోజు ఉన్నట్టే.

"ఏమైంది, తల్లీ?"

"తీస్తే మునుగుతాం."

"ఇది మంచి దారి. కొలిచారు. ఇక్కడ మునగం."

"బెల్టు తీస్తే మునుగుతాం," అంది పిల్ల మళ్లీ. "నువ్వు బెల్టు తీసినప్పుడల్లా, ఇవాళ మునుగుతామనుకునేదాన్ని. బడికెళ్లేటప్పుడు. రోజూ. అందుకే పిడి పట్టుకుని కూర్చునేదాన్ని."

హెల్వె వేళ్లు మడిచి లెక్కపెట్టింది. మార్చి, ఏప్రిల్, మే. ఆ ఎండలో, ఆ దుమ్ములో, పాలడబ్బాల అరుగు దగ్గర ప్రతి పొద్దునా తనకి ఊపిరి అందించిన ఆ చప్పుడే, వెనక సీట్లో పిల్లని ప్రతి పొద్దునా నీళ్లలోకి తోసింది. తను మాత్రం బంగారు తల్లి అని మురిసిపోయింది.

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"నీకు నాకంటే ఎక్కువ భయం వేస్తోంది కదా."

కాపలాదారు కిటికీ తట్టాడు. "వెళ్తున్నారా అమ్మా?" వెనక ఇంకో రెండు కార్లు వచ్చి ఆగాయి.

"ఈ రోజు కాదు," అంది హెల్వె.

బండి పక్కకి తీసి, గట్టు మీద గట్టి నేల మీద ఆపింది. త్రీనుకి ఫోను చేసి ఎవరి కార్లోనైనా రమ్మని చెప్పింది. వచ్చే వారం ముగ్గురం హాప్సలు వెళ్దామంది. ఎందుకని త్రీను అడిగితే, ఇంటికొచ్చాక చెప్తానంది. తర్వాత దిగి, వెనక తలుపు తెరిచి, మనవరాలి పక్కన కూర్చుంది. తన బెల్టు లాగి పెట్టుకుంది. ఆ టక్ కి ఇద్దరూ ఒకేసారి ఉలిక్కిపడ్డారు.

"సూపు చల్లార్చినట్టు ఊదు. నాతో పాటు. ఆఁ, ఇంకా నెమ్మదిగా."

అద్దాల మీద ఆవిరి పట్టేదాకా ఊదారు. పిల్ల వణుకు కాస్త తగ్గింది. హెల్వె ఎడమ చెయ్యి చాపింది. లోవిసె దాన్ని రెండు చేతులా పట్టుకుంది. కోటు మీద నుంచి కూడా గోళ్లు తెలుస్తున్నాయి.

"ఆ రోజు ఏం జరిగిందో చెప్పు," అంది హెల్వె. "మొదట్నించి. నేను వింటాను."

పిల్ల కార్ల వరస వైపు చూసింది. హెల్వె ఎప్పుడూ మంచు దగ్గర్నుంచే మొదలుపెట్టేది, పిల్ల కూడా అక్కడే మొదలుపెడుతుందనుకుంది.

"నేను పాల సూపు తాగట్లేదు," అంది లోవిసె. "మీగడ పక్కకి తోస్తున్నా. నువ్వు నాకు కోటు తొడుగుతున్నావు. నీవల్లే ఆలస్యమైంది, రోడ్డు మీద వెళ్తే వేళకి చేరలేం అంటున్నావు. అందుకే మనం మంచు మీదికి వెళ్తున్నాం. నావల్లే."

అలా అన్నానా? హెల్వెకి గుర్తు లేదు. ఒక్క ముక్క గుర్తు లేదు. బడిలో రోజుకి పదిసార్లు ఏదో ఒక పిల్లని అనే మాటే అది. ఏడాది పాటు ఈ పిల్ల దాన్ని మోసింది.

"నీవల్ల కాదు," అంది గట్టిగా. "విను. బండి అటు తోలింది నేను. తెలిసీ తోలాను. నీ తప్పు ఇసుమంత కూడా లేదు. విన్నావా?"

"ఊఁ," అంది పిల్ల. నమ్మలేదని హెల్వెకి తెలుస్తూనే ఉంది. ఒక్కసారి చెబితే నమ్మే మాట కాదది. తనకి ఎన్నిసార్లు చెప్పాల్సి వచ్చింది?

"తర్వాత?" అంది హెల్వె.

లోవిసె ఆవిడ చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది.